రెండో బంతి

తెలుగులో 'బంతి' అన్న మాటకు అర్థాలు ఒకటి కాదు. ఆడుకునే చెండు ఒకటి, పెరట్లో పూసే పువ్వు ఒకటి. పంక్తి అన్న సంస్కృత పదానికి వికృతి అయిన బంతి మరొకటి, అంటే భోజనాల వరుస. పెళ్ళిళ్ళలో మొదటి బంతి, రెండో బంతి అంటాం. మొదటి బంతిలో కూర్చున్నవాడి విస్తట్లో నెయ్యి ధారగా పడుతుంది; రెండో బంతి వేళకు గరిటె అంచున తడి మాత్రమే మిగులుతుంది. ఇంటివారి మర్యాద తెలిసేది రెండో బంతిలోనే అని మా పెద్దవాళ్ళు అనేవారు. టెన్నిసులో సర్వు చేసేవాడికీ రెండు అవకాశాలుంటాయి. మొదటి బంతి తప్పితే రెండో బంతి. ఆంగ్లంలో సర్వు చేయడానికీ, అన్నం వడ్డించడానికీ ఒకే క్రియ గనుక ఈ పోలిక నేను కష్టపడి తెచ్చినది కాదు. రెండు భాషలూ కలిసి నా విస్తట్లో వేశాయి.

ఆటలంటే ఆసక్తి లేని మిత్రులు ఈ టపాను ఇక్కడే వదిలివేయవచ్చు. అయితే వడ్డన మీద ఆసక్తి లేని తెలుగువాడెవడు?

బన్సీలాల్‌పేటలో మా ఇంటికి నడకదూరంలో ఒక మట్టి కోర్టు ఉన్నది. 2022లో బాగుచేసి తెరిచిన మా పేట మెట్లబావి పక్కగా ప్రతి ఉదయమూ నేను అక్కడికి నడిచి వెళతాను. ఉన్నది ఒకటే కోర్టు. అయిదున్నర నుండి ఏడున్నర లోపల పదిమందికి తక్కువ కాకుండా వస్తాం. ఉద్యోగ విరమణ పొందిన రైల్వేవారు, బ్యాంకువారు, మందుల దుకాణం యజమాని ఒకరు, సాఫ్ట్‌వేరు కుర్రవాళ్ళు నలుగురు. తెలుగు పండితుణ్ణి నేనొక్కణ్ణే. అందరమూ డబుల్సే ఆడతాం. నలుగురు లోపల, మిగిలినవారు బల్ల మీద. ఆట కంటె ఎక్కువగా సాగేది బల్ల మీది చర్చ. అందులో ఏనాటికీ తెగని వాదం ఒకటున్నది: మనవంటివారి ఆటలో సర్వు ముఖ్యమా, కాదా?

యువపక్షం వాదన ఇది. ఆట మొత్తం మీద ఎదుటివాడి ప్రమేయం లేకుండా పూర్తిగా మన చేతిలో ఉన్న దెబ్బ సర్వు ఒక్కటే. కనుక సర్వు లేనిదే టెన్నిసు లేదు. బలంగా కొట్టడం నేర్చుకోనివాడు ఆడకపోవడం మేలు. వృద్ధపక్షం వాదన వేరు. "మన స్థాయికి సర్వుదేముందండీ, బంతిని అవతల పడేస్తే చాలు. అసలు ఆట ఆ తరువాతనే కదా." నా మటుకు నాకు యువపక్షం చూపిన కారణం సత్యంగానూ, దానినుండి తీసిన నిర్ణయం అసత్యంగానూ తోస్తుంది. వృద్ధపక్షం విషయంలో 'పడేస్తే చాలు' అన్నది ఒప్పు. పడేయడం అతి సులభమన్న ధ్వని తప్పు. వారాంతపు ఆటగాళ్ళకు, ఉదయపు ఆటగాళ్ళకు సర్వు వేగంతో ఒరిగేది దాదాపు శూన్యం. సర్వు నిలకడతో ఒరిగేది మరే దెబ్బతోనూ ఒరగదు. అందులోనూ మొదటి బంతితో కాదు, రెండో బంతితో.

మనల్ని తప్పుదారి పట్టిస్తున్నది దూరదర్శని. 2010 వింబుల్డన్‌లో జాన్ ఇస్నర్, నికొలా మహూ ఆడిన ఆట గుర్తున్నదా? మూడు రోజుల మీద 11 గంటల 5 నిమిషాలు సాగింది. అయిదో సెట్టు 70-68. ఆ సెట్టులో వరుసగా 137 గేములు సర్వు చేసినవాడే గెలిచాడు. 138వ గేములో గాని ఆ వరుస తెగలేదు. ఎదుటివాడి రాకెట్టు తగలకుండా దూసుకుపోయిన సర్వులు ఇస్నర్‌వి 113, మహూవి 103. (వీటిని 'ఏస్' అంటారు. దీనికి సరియైన తెలుగు మాట మిత్రులెవరైనా సూచిస్తే సంతోషిస్తాను. 'అంటరానిది' అని మాత్రం ఎవరూ అనవద్దు, ఆ మాటకు మన చరిత్రలో వేరే భారం ఉన్నది.) అటువంటి ఆటలో సర్వే సర్వస్వం. మా కోర్టులోనో? వరుసగా మూడు గేములు సర్వు చేసినవాడే గెలిస్తే, అవతలివాళ్ళకు ఒంట్లో బాగాలేదేమోనని పరామర్శిస్తాం.

ఈ తేడా కేవలం బలంలో లేదు, కొలతలో ఉన్నది. నాతో కలిసి పనిచేసిన లెక్కల మాస్టారు ఒకరోజు కాగితం మీద గీసి చూపించారు. వెనుక గీత నుండి వలకు దూరం 39 అడుగులు. వల మధ్యలో ఎత్తు 3 అడుగులు. వల అవతల సర్వు పడవలసిన గడి లోతు 21 అడుగులు. అంటే వెనుక గీత నుండి 60 అడుగుల లోపల బంతి నేలను తాకాలి, తోవలో 3 అడుగుల గోడను దాటాలి. బంతి బాణంలా సరళరేఖలో పోతుందనుకుంటే, దానిని కనీసం ఎనిమిదిన్నర అడుగులకు పైనుండి కొట్టాలి. ఎంత పైనుండి అన్నది ఒక చిన్న త్రైరాశికం: మొత్తం 60కి 21 ఎంత భాగమో, కొట్టే ఎత్తుకు 3 అడుగులు అంత భాగం. అయిదడుగుల ఆరంగుళాల మనిషి చెయ్యి చాచి, రాకెట్టు ఎత్తి, మునికాళ్ళ మీద నిలిచినా బంతిని తాకేది ఎనిమిదిన్నరకు కొంత కిందనే. ఆ ఎత్తు నుండి తిన్నగా పోయే బంతి వలకైనా తగలాలి, గడి దాటైనా పడాలి. మరి మనం రోజూ లోపల వేస్తున్నది ఎట్లా? బంతిని కిందికి వంచుతున్నది భూమ్యాకర్షణ. ఆ పని చేయడానికి దానికి కొంత వ్యవధి ఇవ్వాలి. వ్యవధి ఇవ్వడమంటే వేగం తగ్గించడమే. లేదా బంతి మీదికి ముందుకు దొర్లే భ్రమణం ఇవ్వాలి. అది నేర్చినవాడి విద్య. ఇస్నర్ ఎత్తు ఆరడుగుల పది అంగుళాలు. అతడికి ఈ త్రైరాశికంతో పనిలేదు. మనకు ఉన్నది.

యువపక్షంలో ఒకడికి ఈ బొమ్మ చూపించాను. "సార్, మరి టీవీలో పొట్టివాళ్ళు కూడా కొడతారుగా?" అన్నాడు. కొడతారు, నాయనా. వాళ్ళు పదేళ్ళ వయసు నుండి రోజూ బుట్టెడు బంతులు పక్కన పెట్టుకుని భ్రమణం నేర్చారు. నువ్వు ఉదయం పావుగంట ఫోర్‌హ్యాండులు కొట్టి, నాలుగు సర్వులు వేసి "ప్లే" అంటావు.

ఇక రెండో లెక్క మరింత తేలిక. మొదటి బంతిని సగం సార్లు లోపల వేసేవాడు ఉన్నాడనుకుందాం. మొదటిది తప్పిన కోపంలో రెండోదీ అదే బలంతో కొడతాడు. అదీ సగం సార్లే పడుతుంది. సగంలో సగం పావు. అంటే ప్రతి నాలుగు పాయింట్లలో ఒకటి అతడు ఎదుటివాళ్ళకు ఆట ఆడకుండానే సమర్పించుకుంటున్నాడు. గేము గెలవడానికి కావలసినవి నాలుగు. పదింట తొమ్మిది సార్లు లోపల పడే నెమ్మది సర్వును రెండో బంతిగా వేస్తే ఆ నష్టం నాలుగింట ఒకటి నుండి ఇరవయ్యింట ఒకటికి తగ్గుతుంది. ఒక్క కండరం పెంచనక్కరలేదు, ఒక్క రూపాయి పెట్టి కొత్త రాకెట్టు కొననక్కరలేదు. అయినా ఎవరూ చేయరు. ఎందుకంటే నెమ్మది సర్వును 'ఆడవాళ్ళ సర్వు' అని నవ్వుతారన్న భయం. ఈ మాట అనేవాళ్ళు హైదరాబాదు నడిబొడ్డున నిలబడి అంటున్నామన్న సంగతి మరిచిపోతారు.

ఈ నగరం పిల్ల సానియా మీర్జా 2005 ఫిబ్రవరిలో ఇక్కడే, హైదరాబాదులోనే, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిలు గెలిచింది. భారతదేశపు స్త్రీలలో అంతకు ముందు ఆ పని చేసినవారు లేరు. ఆమె సర్వు ఆమె ఆటలో బలమైన అంగమని ఆమెను మెచ్చుకునేవాళ్ళు కూడా ఎన్నడూ అనలేదు. ఆమె బలం ఫోర్‌హ్యాండు, వచ్చిన బంతిని తిప్పికొట్టే తీరు. ఆ సర్వుతోనే 2007లో సింగిల్స్‌లో ప్రపంచంలో 27వ స్థానానికి ఎక్కింది. తరువాత డబుల్స్‌కు వచ్చి మార్టినా హింగిస్‌తో జతకట్టింది. హింగిస్‌ది కూడా భయపెట్టే సర్వు కాదు. ఆమె తెలివి వల దగ్గర, కోణాలలో ఉండేది. ఈ ఇద్దరూ కలిసి 2015 వింబుల్డన్, అదే ఏడు అమెరికా ఓపెన్, 2016 ఆస్ట్రేలియా ఓపెన్ గెలిచారు. ఆ నడుమ వరుసగా 41 ఆటలలో ఓటమి లేదు. ప్రపంచంలోకెల్లా గొప్ప జంటకు గొప్ప సర్వు లేదన్నమాట. పొరుగున తమిళనాడుకు చెందిన రమేశ్ కృష్ణన్ సంగతి పాతవాళ్ళకు తెలుసు. అంత మెత్తని సర్వుతో 1986 వింబుల్డన్‌లో క్వార్టర్ ఫైనలు దాకా వెళ్ళాడు. 1989లో ఆస్ట్రేలియాలో, అప్పుడు ప్రథమ స్థానంలో ఉన్న మాట్స్ విలాండర్‌ను ఓడించాడు.

వీరి సర్వు మనతో పోలిస్తే పిడుగే, అది వేరే మాట. నేను చెబుతున్నది ఒకటే. తమ స్థాయిలో మెత్తనిదైన సర్వుతోనే వారు పెద్ద ఆటలు గెలవగలిగారు. తమ స్థాయిలో నిలకడ లేని సర్వుతో గెలవడం ఎవరికైనా కష్టమే. (ఎదురు ఉదాహరణ కూడా చెప్పాలి గదా: రోహన్ బోపన్న 43 ఏళ్ళ వయసులో 2024 ఆస్ట్రేలియా ఓపెన్ డబుల్స్ గెలిచాడు, అతడిది బలమైన సర్వు. భుజం సహకరించినవాడు కొట్టవచ్చు. వద్దన్నదెవరు?)

డబుల్స్‌లో సర్వు చేయవలసిన పని అసలు వేరు. వల దగ్గర నిలబడిన మన జతగాడికి బంతి ఎటు తిరిగివస్తుందో ముందే తెలియాలి. గడి మధ్య గీత వైపుకు, లోతుగా, నెమ్మదిగా వేసిన బంతిని అవతలివాడు పెద్ద కోణంలో కొట్టలేడు. అది మధ్యలోకే వస్తుంది. జతగాడు అడుగు పక్కకు వేసి అందుకుంటాడు. అదే బంతిని మనం ఊగిపోయి కొట్టామనుకోండి, ఎటు పడుతుందో మనకే తెలియదు. ఇక జతగాడికి ఏం తెలుస్తుంది? వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని సామెత. ఇక్కడ వడ్డించేవాడు మనవాడే. కాని పులుసు గరిటె విస్తట్లో పోస్తాడో, కండువా మీద పోస్తాడో తెలియక జతగాడు వీపు ముడుచుకుని నిలబడుతున్నాడు.

అసలు పుట్టుకలో సర్వు ఆయుధం కాదు. నాలుగు గోడల మధ్య ఆడే ప్రాచీనపు టెన్నిసులో సర్వు బంతిని పక్కనున్న ఏటవాలు చూరు మీద వేయాలి, అది దొర్లుకుంటూ అవతలికి జారుతుంది. పచ్చిక మీది టెన్నిసుకు మొదటి వింబుల్డన్ 1877లో జరిగినప్పుడు సర్వు గడి లోతు 26 అడుగులు. సర్వు ఉగ్రరూపం దాలుస్తున్నకొద్దీ గడిని కుదించారు. 1880 నాటికి అది 21 అడుగులైంది. ఇప్పటికీ అదే. మనం బాధపడుతున్న ఆ ఇరుకు గడి, ఎవరో బలవంతులను అదుపు చేయడానికి గీసినది. బలహీనులమైన మనం దానిలో ఇరుక్కున్నాం!

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. దీనికోసమే ఇంత రాశాను.

మాతో ఆడే పెద్దమనిషి ఒకరు రైల్వేలో గార్డుగా చేసి విరమించారు. నాకంటె నాలుగేళ్ళు పెద్ద. వల దగ్గర ఆయన చేతిని దాటి బంతి పోవడం అరుదు. నిరుడు ఆయనకు కుడి భుజం పట్టేసింది. చెయ్యి భుజం కంటె పైకి ఎత్తవద్దని వైద్యులు చెప్పారు. కొన్నాళ్ళు ఇంట్లో కూర్చుని, ఉండబట్టలేక వచ్చారు. సర్వు వంతు వచ్చినప్పుడు బంతిని నడుము ఎత్తున వదిలి, రాకెట్టును కింది నుండి ఊపి, మెల్లగా అవతల వేశారు. బంతి వల దాటి, చిన్నగా లేచి, పక్కకు తిరిగింది. అవతలి కుర్రవాడు పరుగెత్తుకు వచ్చి అందుకోలేక బోర్లా పడబోయాడు. "అంకుల్, ఇది చీటింగ్, టెన్నిస్ కాదు" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. కోర్టు బాగోగులు చూసే పెద్దమనిషి కూడా, "ఇక్కడ అట్లా ఆడరు సార్" అని తీర్పు చెప్పారు. గార్డుగారు ఏమీ అనలేదు. ఆ సెట్టు ముగిసిందాకా తన సర్వు వంతు జతగాడికే ఇచ్చేశారు. నియమాల ప్రకారం అదే అసలైన తప్పు, దానిని మాత్రం ఎవరూ అభ్యంతర పెట్టలేదు! మరుసటి వారం నుండి ఆయన రావడం మానేశారు.

నియమం ఏమంటున్నదో చూద్దాం. సర్వు చేసేవాడు గీత వెనుక నిలబడాలి. బంతిని చేతితో ఏ దిక్కుకైనా వదలవచ్చు. అది నేలను తాకకముందే రాకెట్టుతో కొట్టాలి. ఇంతే. తల మీదుగా కొట్టాలని ఎక్కడా లేదు. చెయ్యి ఒక్కటే ఉన్నవారు బంతిని రాకెట్టు మీద నుండే వదలవచ్చునని కూడా నియమకర్తలు రాశారు. ఒంటిచేతివాడిని సైతం పంక్తిలో కూర్చోబెట్టిన శాస్త్రం అది. భుజం నొప్పి ఉన్నవాడిని లేపి పంపడానికి మనమెవరం?

చరిత్ర కూడా ఈ దెబ్బను ఎరుగును. 1989లో పారిస్‌లో 17 ఏళ్ళ మైకేల్ చాంగ్, ప్రపంచ ప్రథముడైన ఇవాన్ లెండిల్‌తో అయిదో సెట్టు ఆడుతూ, కాళ్ళు కొంకర్లు పోతుంటే కిందినుండి సర్వు వేశాడు. ఆ పాయింటు గెలిచాడు, ఆట గెలిచాడు, చివరకు టైటిలే గెలిచాడు. నేటికీ దానిని సాహసంగా చెప్పుకుంటారు. పదేళ్ళ తరువాత అదే పారిస్‌లో, 1999 ఫైనలులో స్టెఫీ గ్రాఫ్ మీద ఓడిపోతున్న వేళ హింగిస్ అదే దెబ్బ వేసింది. జనం ఈలలు వేసి గేలి చేశారు. అంతకుముందే ఆమె వల దాటి అవతలికి పోయి బంతి గుర్తు మీద వాదులాడినందుకు వారు కోపంగా ఉన్నారన్నది నిజమే. అయినా దెబ్బ ఒకటే, ఊరు ఒకటే, నియమం ఒకటే. గెలిచినవాడికి చప్పట్లు, ఓడినామెకు ఈసడింపు. ఆ ఈసడింపుకు గురైన హింగిసే పదహారేళ్ళ తరువాత మన సానియా పక్కన నిలబడి వింబుల్డన్ ఎత్తుకున్నది.

కొందరు మిత్రులు ఇక్కడ ఒక ఆక్షేపణ చెబుతారు. అందరూ కిందినుండి వేయడం మొదలుపెడితే ఆట చులకన అవుతుందని. ఆ భయం అక్కరలేదు. కిందినుండి వేసిన బంతి కొంచెం ఎత్తుగా లేస్తే చాలు, ఎదుటివాడు దానిని చితకగొడతాడు. వల మీద జానెడు ఎత్తున పోయి, అవతల చచ్చినట్టు పడేలా వేయడం తల మీది సర్వు కంటె సులభమైన విద్యేమీ కాదు. చేతనైనవాడు దానిని ఊరికే ఎంచుకోడు, భుజం బాగున్నవాడు అంతకంటె ఎంచుకోడు.

మా కోర్టుకు మరో ఇక్కట్టు ఉన్నది. టెన్నిసు కోర్టు ఉత్తర దక్షిణాలుగా ఉండాలంటారు. స్థలం అట్లా దొరికింది గనుక మాది తూర్పు పడమరలుగా ఉన్నది. ఆరున్నర దాటాక పడమటి వైపు నుండి సర్వు చేసేవాడు బంతిని పైకి విసిరితే అది తిన్నగా సూర్యబింబంలోకి పోతుంది. కళ్ళు చెదిరి, బంతి ఒకచోట, రాకెట్టు ఒకచోట. కిందినుండి వేస్తే సూర్యుడితో పేచీ ఉండదు. మొన్న మందుల దుకాణం వారు ఎవరూ చూడకుండా ఒకసారి అట్లా వేయబోయి, బల్ల మీదివారు దగ్గేసరికి ఆగిపోయారు.

సర్వుకు సంబంధించిన ఆ నియమాన్ని నేను శుద్ధమైన తెలుగులో అనువదించి, పెద్ద అక్షరాలలో రాసి, కోర్టు గోడకు అంటించాను. యువపక్షంలో ఇద్దరు చదివి ఒప్పుకున్నారు. మూడో కుర్రవాడు సెల్‌ఫోనులో అసలు నియమావళి వెతికి, నా అనువాదంతో అక్షరాక్షరమూ పోల్చి చూస్తున్నాడు. నాలుగోవాడు, "చీటింగ్" అన్నవాడు, ఇంకా పలకలేదు. గార్డుగారి ఇంటికి నిన్న సాయంత్రం వెళ్ళాను. "పంతులుగారూ, ముందు మీరు వేయండి, చూస్తాను" అన్నారు. నా భుజానికి ఏ బాధా లేదు. అయినా ఈ ఆదివారం ఉదయం నా సర్వు వంతు వచ్చినప్పుడు మొదటి బంతీ, రెండో బంతీ కూడా కిందినుండే వేయబోతున్నాను. ఆయన బల్ల మీద కూర్చోవడానికి వస్తానన్నారు, రాకెట్టు మాత్రం తేనన్నారు. నా దగ్గర ఒకటి అదనంగా ఉన్నది.